ఎండ అందరిదీ.. ఆదాయం ఎకరాలదే!

* పావగడ సౌర పార్కులో పట్టా నిలుపుకొన్న రైతు.. పని కోల్పోయిన కూలీ
* యూనిట్ విద్యుత్తుకు భూమి అద్దె సుమారు 8 పైసలు
* సరిహద్దు గ్రామాల రైతులు సంతకానికి ముందు తెలుసుకోవాల్సినవి

పావగడ: వాన కోసం ఆకాశం వైపు చూసిన పల్లెలు అవి. నేడు అదే ఆకాశం నుంచి పడే ఎండను ఏడాదికింత చొప్పున అద్దెకిచ్చాయి. కర్ణాటకలోని తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో సుమారు 13 వేల ఎకరాల్లో పరచుకున్న సౌర విద్యుత్తు పార్కు ఎడారిని తలపించే మెట్ట భూములకు ఒక ధర కట్టింది. ఆ ధర ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదన్న లెక్క ఇప్పుడు పావగడకే పరిమితమైన విషయం కాదు. దాదాపు మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ సరిహద్దు ఉన్న ఈ తాలూకాలో ఇంటింటా తెలుగు వినిపిస్తుంది. మడకశిర, రొద్దం, పెనుకొండ, కళ్యాణదుర్గం ప్రాంతాలతో వియ్యాలు, సంతలు, కూలి పనులు ముడిపడి ఉన్నాయి. సరిహద్దుకు ఇవతల శ్రీసత్యసాయి, అనంతపురం జిల్లాల్లోనూ సౌర కంపెనీలు భూముల కోసం వస్తున్నందున పావగడ అనుభవం ఇక్కడి రైతులకు ముందుగానే అందిన పాఠం వంటిది.

కరువు నేలపై వెలుగు పంట

పశ్చిమ కనుమల చాటున వానచాయ ప్రాంతంలో ఉన్న పావగడలో ఏటా కురిసే వర్షం అంతంతమాత్రమే. ఏడాది పొడవునా పారే ఏరు లేదు. వేరుశనగ ప్రధాన పంట. బోరు వేస్తే నీరు పడటం ఒక జూదమైతే, పడిన నీటిలో ఫ్లోరైడ్ మరో శాపం. వరుస కరువులతో యువకులు బెంగళూరుకు వలస పోయారు. బీడు భూములే మిగిలిన దశలో 2015లో కర్ణాటక ప్రభుత్వ పునరుత్పాదక ఇంధన సంస్థ, కేంద్రానికి చెందిన భారత సౌరశక్తి సంస్థ కలిసి కర్ణాటక సౌరవిద్యుత్ అభివృద్ధి సంస్థను ఏర్పాటు చేశాయి. తిరుమణి, బాలసముద్రం, క్యాతగానచెర్లు, వళ్లూరు, రాయచెర్లు గ్రామాల పరిధిలో భూమిని ఎంపిక చేశాయి.

ఇక్కడ ప్రభుత్వం ఒక కొత్త దారి తొక్కింది. రైతుల నుంచి భూమిని కొనలేదు, సేకరణ చట్టం కింద తీసుకోలేదు. 25 ఏళ్లకు మించిన దీర్ఘకాలిక లీజుకు తీసుకుంది. రాయలసీమ మాటలో చెప్పాలంటే గుత్తకు తీసుకుంది. ఎకరాకు ఏడాదికి రూ.21 వేలు, రెండేళ్లకొకసారి 5 శాతం పెంపు అన్నది ఒప్పందం. సుమారు 2,300 మంది రైతులు ముందుకొచ్చారు. 2018 మార్చిలో అప్పటి ముఖ్యమంత్రి సిద్ధరామయ్య పార్కును ప్రారంభించారు. 'శక్తి స్థల' అని పేరు పెట్టారు. 2019 చివరి నాటికి 2,050 మెగావాట్ల సామర్థ్యం పూర్తయింది. అప్పట్లో ప్రపంచంలోనే అతిపెద్ద సౌర పార్కుల్లో ఒకటిగా ఇది నిలిచింది.

పార్కు పనిచేసే తీరు ఇదీ

పార్కు అంటే ఒకే కంపెనీకి చెందిన కర్మాగారం అని పలువురు భావిస్తారు. వాస్తవం వేరు. అభివృద్ధి సంస్థ రైతుల నుంచి భూమిని లీజుకు తీసుకుని, దానిని ఒక్కొక్కటి 50 మెగావాట్ల భాగాలుగా విభజించింది. రహదారులు, సబ్‌స్టేషన్లు, విద్యుత్తు లైన్లు సమకూర్చింది. ఆపై టెండర్లు పిలిచి తక్కువ ధరకు విద్యుత్తు అమ్ముతామన్న కంపెనీలకు ఆ భాగాలను అప్పగించింది. పలకలు బిగించడం, నడపడం, మరమ్మతు చేయడం కంపెనీల బాధ్యత. అవి అభివృద్ధి సంస్థకు రుసుములు చెల్లిస్తాయి. రైతుకు అద్దె చెల్లించాల్సిన బాధ్యత మాత్రం అభివృద్ధి సంస్థదే. ఒక కంపెనీ చేతులు మారినా రైతు ఎవరి వెంటా తిరగాల్సిన అవసరం లేకపోవడం ఈ పద్ధతిలోని మేలు.

పలకల్లో పుట్టిన విద్యుత్తు పార్కులోని చిన్న సబ్‌స్టేషన్లకు చేరి, అక్కడి నుంచి 400 కేవీ సబ్‌స్టేషన్ ద్వారా రాష్ట్ర, జాతీయ గ్రిడ్‌లోకి వెళ్తుంది. గ్రామంలోని ఇంటికి, బోరు మోటారుకు వచ్చేది పంపిణీ సంస్థ లైను ద్వారా అందే కరెంటు. ఆ లైను వేరు, ఈ లైను వేరు. అందుకే ఊరి పక్కనే వేల మెగావాట్లు ఉత్పత్తి అవుతున్నా ఊళ్లో కరెంటు కోత ఉండొచ్చు, బిల్లు తగ్గకపోవచ్చు. పార్కు వస్తే ఊరికి ఉచిత కరెంటు వస్తుందన్న ప్రచారాన్ని రైతులు నమ్మరాదు. అలాంటి హామీ ఉంటే అది ఒప్పందంలో అక్షరాలా ఉండాలి.

లెక్క వేస్తే..

పార్కు విస్తీర్ణాన్ని సామర్థ్యంతో భాగిస్తే మెగావాట్‌కు ఆరు ఎకరాలకు పైగా భూమి పట్టింది. ఈ ప్రాంతపు ఎండకు ఒక మెగావాట్ పలకల నుంచి ఏడాదికి సుమారు 17 లక్షల యూనిట్లు వస్తాయని లెక్క వేసుకోవచ్చు. అంటే ఎకరాకు దాదాపు 2.7 లక్షల యూనిట్లు. ఎకరా అద్దె రూ.21 వేలను ఆ యూనిట్లకు పంచితే యూనిట్‌కు వచ్చేది సుమారు 8 పైసలు. రెండేళ్లకొకసారి పెరిగే 5 శాతాన్ని ఇప్పటివరకు కలిపినా 10 పైసల లోపే. యూనిట్‌ను రూ.3 చొప్పున అమ్మారనుకుంటే ఎకరా మీద ఏటా పుట్టే విద్యుత్తు విలువ రూ.8 లక్షల పైచిలుకు. దానిలో భూమి వాటా మూడు శాతం లోపు.

అయితే నాణేనికి రెండో వైపూ చూడాలి. పార్కు మొత్తం అంచనా వ్యయం రూ.16,500 కోట్లు. ఆ పెట్టుబడి, వడ్డీ, పలకల అరుగుదల, నిర్వహణ అన్నీ కంపెనీలే భరించాలి. టెండరు ధర తక్కువై నష్టం వచ్చినా రైతు అద్దె ఆగదు. వాన పడినా పడకపోయినా బ్యాంకు ఖాతాలో పడే సొమ్ము అది. పెట్టుబడికి అప్పు చేసి, విత్తనం వేసి, కాయ పట్టే వేళ వాన మొహం చాటేస్తే సర్వం కోల్పోయే మెట్ట రైతుకు ఈ భరోసా చిన్నది కాదు. సాగు చేయలేని వృద్ధులు, పిల్లలు పట్నంలో స్థిరపడిన కుటుంబాలు దీనిని వరంగా భావించడంలో ఆశ్చర్యం లేదు.

అసలు ప్రశ్న అద్దె పెరుగుదలది. రెండేళ్లకు 5 శాతం అంటే ఏడాదికి దాదాపు రెండున్నర శాతం. ఈ లెక్కన 24 ఏళ్ల తర్వాత ఎకరా అద్దె సుమారు రూ.37,700 అవుతుంది. ఇదే కాలంలో ధరలు ఏటా 4 శాతం చొప్పున పెరిగాయనుకుంటే, తొలినాటి రూ.21 వేలతో కొన్న సరుకులే కొనడానికి దాదాపు రూ.53,800 కావాలి. రిజర్వు బ్యాంకు లక్ష్యంగా పెట్టుకున్న ద్రవ్యోల్బణమే 4 శాతం. అంటే అంకెల్లో అద్దె పెరుగుతున్నా సంచిలోకి వచ్చే సరుకు తగ్గుతుంది. సంతకం చేసిన నాటి తండ్రికి లాభంగా కనిపించిన ఒప్పందం పాతికేళ్ల తర్వాత కొడుకుకు చాలకపోవచ్చు.

ఖాతాలో లేని వారు

సగటున చూస్తే ఒక్కో రైతు పార్కుకు ఇచ్చిన భూమి ఐదున్నర ఎకరాలు దాటుతుంది. తొలి అద్దె ప్రకారం ఏడాదికి దాదాపు రూ.1.2 లక్షలు, నెలకు రూ.10 వేలకు కాస్త అటూ ఇటూ. సగటు మాత్రం అసలు కథను దాచేస్తుంది. 20 ఎకరాల ఆసామికి ఏడాదికి రూ.4.2 లక్షలు రాగా, రెండెకరాల సన్నకారు రైతుకు వచ్చేది రూ.42 వేలు. నెలకు రూ.3,500. భూమి లేని వారికి ఏమీ లేదు.

ఇక్కడే ఈ నమూనాలోని లోపం బయటపడుతోంది. చేలో కలుపు తీసి, కాయ కోసి, చెట్టు పీకి బతికిన వ్యవసాయ కూలీకి పట్టా లేదు. పట్టా లేని వారికి లీజు లేదు. సాగు ఆగిపోవడంతో ఊళ్లో పని కరువైంది. కౌలుకు చేసుకునే వారిదీ ఇదే పరిస్థితి. భూయజమాని లీజుపై సంతకం చేసిన రోజునే కౌలుదారు బతుకుతెరువు ముగిసింది. పంట కోసిన తర్వాత చేలల్లో మందను తోలుకునే గొర్రెల కాపరులకు కంచెలు అడ్డుపడ్డాయి. పశువులకు వేరుశనగ కట్టె కొరత ఏర్పడింది. పొలం పనుల్లో సగానికి పైగా భారం మోసే మహిళలకు కూలి పోయింది. పాసుపుస్తకాలు ఎక్కువగా మగవారి పేరిట ఉండటంతో అద్దె సొమ్ము వారి చేతికి చేరడమూ తక్కువే.

పార్కు నిర్మాణ సమయంలో వేలాది చేతులకు పని దొరికింది. పలకలు బిగించడం పూర్తయ్యాక ఆ పని తగ్గిపోయింది. సౌర విద్యుత్తు కేంద్రాలకు నిర్మాణంలో కావాల్సినంత మంది నిర్వహణలో అక్కర్లేదు. పలకలు కడగడం, గడ్డి కోయడం, కాపలా కాయడం వంటి పనులు స్థానికులకు దక్కినా, అవి కోల్పోయిన వ్యవసాయ పని దినాలకు సాటి రావు. నైపుణ్యం కోరే సాంకేతిక ఉద్యోగాలు ఎక్కువగా బయటి నుంచి వచ్చిన వారివే. కంపెనీల సామాజిక బాధ్యత నిధులతో బడులకు, ఆసుపత్రులకు కొంత సాయం అందవచ్చు. అయితే ఆ నిధి ఎక్కడ ఖర్చు చేయాలన్నది కంపెనీ నిర్ణయం. ఊరి హక్కుగా రాదు.

ఇవతలి గట్టున..

సరిహద్దుకు ఇవతల నంబులపూలకుంటలో 1,500 మెగావాట్ల లక్ష్యంతో వచ్చిన సౌర పార్కుది మరో పద్ధతి. 2016లో ఎన్టీపీసీ తొలి 250 మెగావాట్లు పూర్తి చేసిన ఈ పార్కుకు భూమిని సేకరించి ఇచ్చారు. తరాలుగా సాగు చేసుకుంటున్నా కాగితాలు లేని వారు, అసైన్డ్ భూముల రైతులు పరిహారం కోసం పోరాడాల్సి వచ్చింది. పరిహారం ఒక్కసారి వచ్చి ఒక్కసారే ఖర్చవుతుంది. భూమి తిరిగి రాదు. ఆ అనుభవంతో పోలిస్తే పట్టా రైతు పేరునే ఉంచిన పావగడ పద్ధతి ఎంతో మేలైనది. కాబట్టే తర్వాతి కాలంలో ఆంధ్రప్రదేశ్‌లోనూ లీజు పద్ధతి ముందుకొచ్చింది. భూమి నిలిచింది సరే, ఊరంతా నిలవాలంటే ఏం చేయాలన్నదే ఇప్పుడు మిగిలిన ప్రశ్న.

ఊరే యజమాని అయితే..

సౌర విద్యుత్తులో ఊరికి అద్దె కాకుండా వాటా దక్కిన అనుభవాలు దేశంలో ఉన్నాయి. గుజరాత్‌లోని ఖేడా జిల్లా ఢుండి గ్రామంలో 2016లో ఆరుగురు రైతులు సౌర పంపుసెట్ల సహకార సంఘంగా ఏర్పడ్డారు. అంతర్జాతీయ నీటి నిర్వహణ సంస్థ వారికి అండగా నిలిచింది. పంటకు నీరు కావాల్సినప్పుడు పలకల కరెంటుతో మోటార్లు నడుపుతారు. అక్కర్లేనప్పుడు ఆ కరెంటును సంఘం పేరిట గ్రిడ్‌కు అమ్ముతారు. యూనిట్‌కు రూ.4.63 చొప్పున 25 ఏళ్లు కొనేందుకు అక్కడి పంపిణీ సంస్థ ఒప్పందం చేసుకుంది. కరెంటు ఉచితమైతే బోరు ఆగకుండా నడిచి భూగర్భ జలం అడుగంటుతుంది. కరెంటుకు ధర పలికితే రైతు అవసరం మేరకే నీరు తోడి మిగతాది అమ్ముకుంటాడు. బోర్లు ఎండిపోతున్న అనంత సీమకు ఈ సూత్రం ఎంతో విలువైనది.

రాజస్థాన్‌లోని అజ్మేర్ జిల్లా తిలోనియాలో 1972లో మొదలైన బేర్‌ఫుట్ కళాశాలది మరో దారి. అక్షరం రాని, అంతంతమాత్రం చదివిన గ్రామీణ మహిళలకు సౌర దీపాల తయారీ, మరమ్మతు నేర్పి వారినే ఊరి ఇంజినీర్లుగా నిలబెట్టింది. ఊరి కమిటీయే ఇంటింటా నెలవారీ రుసుము నిర్ణయించి వసూలు చేస్తుంది. ఆ సొమ్ము నుంచే మరమ్మతు చేసేవారికి జీతం. పరికరం పాడైతే పట్నం నుంచి మనిషి రావాల్సిన పని లేకపోవడం ఈ ఏర్పాటుకు ప్రాణం. సాంకేతిక పని చదువుకున్న బయటివారికే సాధ్యమన్న వాదనకు ఇది సమాధానం.

కేంద్రం 2019లో తెచ్చిన పీఎం కుసుమ్ పథకం తొలి విభాగం కూడా ఈ దిశలో తలుపు తెరిచింది. సబ్‌స్టేషన్‌కు ఐదు కిలోమీటర్ల లోపు బీడు భూముల్లో 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల వరకు కేంద్రాలు పెట్టుకునే వీలును రైతులతో పాటు సహకార సంఘాలకు, రైతు ఉత్పత్తిదారుల సంస్థలకు, గ్రామ పంచాయతీలకు కల్పించింది. ఒక మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు చాలు. యూనిట్ రూ.3 అనుకున్నా ఏడాదికి రూ.50 లక్షల వరకు అమ్మకం జరుగుతుంది. ఉమ్మడి భూమిలో పంచాయతీయో, సంఘమో ఈ పని చేస్తే అప్పు కిస్తీలు, నిర్వహణ పోను మిగిలినదానిలో పట్టా లేని కుటుంబానికీ వాటా ఉంటుంది.

ఆచరణలో చిక్కులు లేకపోలేదు. పెట్టుబడి కోట్లలో ఉంటుంది. ఆస్తి లేని సంఘానికి బ్యాంకు అప్పు పుట్టడం కష్టం. పంపిణీ సంస్థలు బిల్లులు ఆలస్యం చేస్తే కిస్తీ ఆగుతుంది. నిర్ణయించిన ధర చాలక పలు రాష్ట్రాల్లో ఈ విభాగం లక్ష్యానికి చాలా దూరంలో నిలిచింది. ఉమ్మడి భూమి అంటే మందలు మేసే భూమి అన్న సంగతీ మరువరాదు. పలకలను కాస్త ఎత్తున బిగిస్తే కింద గొర్రెలు మేయడానికి, నీడలో పెరిగే పంటలు వేయడానికి వీలుంటుంది. అలా చేస్తే గడ్డి కోసే ఖర్చు కూడా తగ్గుతుంది. అయితే ఎత్తు పెరిగితే ఇనుము ఖర్చు పెరుగుతుంది కనుక కంపెనీలు తమంతట తాముగా ముందుకు రావు. ఒప్పంద దశలోనే అడగాలి.

సంతకానికి ముందు ఇవి చూడండి

* లీజు ఎవరితో? ప్రభుత్వ సంస్థతోనా, ప్రైవేటు కంపెనీతోనా, మధ్యవర్తితోనా అన్నది ముందుగా తేల్చుకోవాలి. కంపెనీ చేతులు మారితే అద్దె ఎవరు చెల్లిస్తారో రాసి ఉండాలి.

* ఒప్పందాన్ని తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. తెలుగు ప్రతిని అడిగి, చదివించుకుని, ఒక నకలు ఇంట్లో ఉంచుకోవాలి.

* అద్దె పెంపు రెండేళ్లకా, ఏడాదికా? ఎంత శాతం? ధరల పెరుగుదలతో ముడిపెట్టమని కోరవచ్చు. ఒక్క రైతు అడిగితే చెల్లని మాట ఊరంతా కలిసి అడిగితే చెల్లుతుంది.

* అద్దె ఆలస్యమైతే వడ్డీ ఎంత, ఎన్ని నెలలు ఆగితే లీజు రద్దవుతుంది అన్నవి స్పష్టంగా ఉండాలి.

* భూమిని తనఖా పెట్టి కంపెనీ అప్పు తీసుకునే వీలు ఒప్పందంలో ఉందేమో చూడాలి. రైతు పాత పంట రుణం ఉంటే దాని సంగతి ముందే తేల్చుకోవాలి.

* గడువు ముగిశాక పలకలు, ఇనుప స్తంభాలు, కాంక్రీటు దిమ్మెలు ఎవరు తీస్తారు? నేలను మళ్లీ సాగుకు పనికొచ్చేలా ఎవరు చేస్తారు? కాలం తీరిన సౌర పలకలు 2022 నాటి ఈ-వ్యర్థాల నిబంధనల పరిధిలోకి వచ్చాయి. వాటిని చేలోనే వదిలి వెళ్లకుండా షరతు రాయించాలి.

* రైతు మరణిస్తే అద్దె వారసులకు ఎలా పంచాలో, భార్య పేరు ఉమ్మడి ఖాతాలో చేర్చే వీలుందో అడగాలి.

* పక్క చేలకు బండి బాట, వాననీటి దారి, చెరువుకు పారే వంకలు మూసుకుపోకుండా చూడాలి. పలకలు కడిగే నీరు ఎక్కడి నుంచి తెస్తారన్నదీ కరువు ఊళ్లకు చిన్న ప్రశ్న కాదు.

* భూమి లేని కుటుంబాలకు ఎన్ని ఉద్యోగాలు, ఎంత కాలం, ఏ శిక్షణ అన్నది గ్రామసభ తీర్మానంలోనూ, ఒప్పందంలోనూ అంకెలతో ఉండాలి.

పావగడ పార్కును మరింత విస్తరించాలన్న ఆలోచనను కర్ణాటక ప్రభుత్వం ముందుకు తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ సౌర భూముల వేట ఆగేది కాదు. తొలి విడతలో ఇచ్చిన రైతులకు బేరమాడే అనుభవం లేదు. రెండో విడతలో ఇవ్వబోయే వారికి పక్క ఊరి పాతికేళ్ల ఒప్పందం కళ్లముందు ఉంది. సర్వే రాళ్లు పాతక ముందే గ్రామసభ కూర్చుని, పట్టా ఉన్నవారితో పాటు లేని వారినీ పిలిచి మాట్లాడుకుంటే కూలీకి, కాపరికి కూడా ఒప్పందంలో చోటు దొరుకుతుంది. ఒకసారి సంతకాలు పూర్తయితే మళ్లీ ఆ అవకాశం రావడానికి పాతికేళ్లు పడుతుంది.